వెళ్ళమన్నదెవరు?

“నేను వెళ్ళమనలేదు.”

కన్యకాపరమేశ్వరమ్మ ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారికి వెంకటరత్నం చేతిలోని కాఫీ గ్లాసు జారి గచ్చుమీద పడింది. రెండోసారికి ప్రసన్నకుమారి వంటింట్లోంచి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు కొడుకునీ కోడలినీ ఎదురుగా నిలబెట్టుకుని, మంచం మీద దిండుకి ఆనుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ కూడదీసుకుంటూ అంది.

“సత్యాన్ని... రాజమండ్రి... నేను వెళ్ళమనలేదు రత్నం. వద్దన్నాను.”

ఉప్పెన వచ్చిన మరుసటేడు, వినాయకచవితి వెళ్ళిన నాలుగో రోజున, పక్షవాతం ఆవిడ కుడిచేతినీ నోటినీ ఒక్క పూటలో పట్టుకుపోయింది. అది జరిగి ఏడాదిన్నర. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆవిడ మాటంటే ప్రసన్న చెప్పిన మాటే. ఎడమచేతి వేలు దుప్పటి మీద గీస్తే కిటికీ తెరవమని, కనుబొమ ముడిపడితే కూరలో ఉప్పెక్కువైందని, తల అటు తిప్పుకుంటే వచ్చినవాళ్ళని పంపేయమని. కొడుక్కి అవేవీ తెలిసేవి కావు. కూతురు సత్యలక్ష్మికి సగమే తెలిసేవి. కోడలు మాత్రం గుమ్మంలోంచి ఆ ముఖం చూసే చెప్పేసేది. “మా ఆవిడే లేకపోతే మా అమ్మ బతికుండీ లేనట్టేనండి,” అని వెంకటరత్నం నరసాపురం బజారులో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ తల్లి ఇవాళ మాట్లాడింది. ఇంటిల్లిపాదీ సంతోషించవలసిన పొద్దు.

వెంకటరత్నం మంచం పట్టె పట్టుకుని అలాగే కూలబడ్డాడు. “అమ్మా, నీకు మాట ఎప్పుడొచ్చిందమ్మా?”

“అది తర్వాత. ముందు దాన్ని తీసుకురా. అక్కడెవరో దొరబాబుట. మాస్టారుట. మన వాళ్ళు కూడా కాదుట. రిజిస్టరు పెళ్ళి చేసుకుందాం అంటున్నాట్ట.”

ప్రసన్న పిండి చేతులు పైటకి తుడుచుకుంది.

దొరబాబు పేరు ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండోవారు, కిందటి గురువారం తల దువ్వుతూ తను ఎవరికైతే చెప్పుకుందో ఆ అత్తగారు. ‘పైకి పొక్కకూడదు వదినా’ అని సత్యం ఉత్తరంలో అడుగున గీత గీసి మరీ రాసింది. ఆడపడుచు సంతోషం చూసి పట్టలేక, నోరు లేని మనిషి కదా అనుకుని, ఆ ఒక్క చెవిలో వేసింది.

“ఎవడే ఆ దొరబాబు?” వెంకటరత్నం తల్లిని అడగలేదు, భార్యవైపు తిరిగి అడిగాడు. “నీకు తెలుసా?”

ప్రసన్న అలవాటుకొద్దీ అత్తగారి ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఏమీ చెప్పలేదు.

“తెలుసండి.”

“సత్యం రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి వెళ్ళడానికి అమ్మ ఒప్పుకుందని నాతో చెప్పింది నువ్వేగా?”

“నేనేనండి.”

“అమ్మ వద్దంటే నువ్వు పొరబడ్డావా? చెయ్యి ఊపడంలో తేడా తెలియలేదా?”

తెలియలేదంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. నమ్మాలనుకునే అలా అడిగాడని కూడా ప్రసన్నకి తెలుసు. పన్నెండేళ్ళ కాపురంలో భర్త ఏ మాట ఎందుకంటాడో ఆవిడకి తెలియని రోజు లేదు.

“లేదండి. తెలిసే చెప్పాను.”

అదే సమయానికి ముందు కొట్లోంచి కేక వినపడింది. “షావుకారుగారూ! నైలాను దారం కావాలండీ!” వలల దారం, పడవ తాళ్ళు అమ్మే కొట్టు అది. వెనకాలే ఇల్లు. వచ్చినవాడు మొగల్తూరు లోవరాజు, పొద్దున్నే మొదటి బస్సుకి దిగే పాత ఖాతాదారు.

“వస్తున్నా లోవరాజూ, అలా కూర్చో,” అని వెంకటరత్నం మామూలు గొంతుతోనే బదులిచ్చాడు. ఇటు తిరిగి గొంతు తగ్గించాడు. కేకలేసి ఉంటే ప్రసన్న తట్టుకునేదే.

“తెలిసే అబద్ధం చెప్పావన్నమాట.”

“అప్పటికి సత్యం ఎలా ఉండేదో మీరూ చూశారు కదండీ. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆ వెనక గదిలోంచి బయటికే వచ్చేది కాదు. సీటొచ్చిందని కాగితం అందిన రోజున ముఖం కడుక్కుని, తలదువ్వుకుని, మీ ముందుకొచ్చి నిలబడింది. అత్తయ్యగారు వద్దన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదండి.”

“సత్యం సంగతి కాదు నేనడిగేది. నీ సంగతి. మా అమ్మకి నువ్వు నోరువి ప్రసన్నా. నిన్ను నమ్మి నేనింకెవర్నీ అడగలేదు. ఆ నోటితో అమ్మ అనని మాట అనిపించావు.”

“ఆ ఒక్కటేనండి.”

“ఎలా తెలుస్తుంది నాకు? ఏలూరు పిన్నిని ఇంక రావద్దన్నది అమ్మేనా?”

“అత్తయ్యగారేనండి.”

“మీ నాన్నగారికి బాగోలేనప్పుడు, నెల్లాళ్ళు ఉండి చూసి రమ్మని నిన్ను పంపమన్నది? అదీ అమ్మేనా?”

ప్రసన్నకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి పోకముందు ఆ నెలరోజులు ఆవిడకి దక్కాయంటే, అది అత్తగారి దయే. ఆ రోజు పరమేశ్వరమ్మ ఎడమచేత్తో కోడలి భుజం తోసి, వీధిగుమ్మం వైపు చూపించింది. అంతకన్నా స్పష్టంగా నోరున్నవాళ్ళు కూడా చెప్పలేరు.

“ఆవిడ ఎదురుగానే ఉన్నారు. అడగండి.”

వెంకటరత్నం తల్లివైపు చూశాడు. పరమేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. అలిసిపోయిందో, అలిసిపోయినట్టు నటించిందో. అవునన్న ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు.

“షావుకారుగారూ, బస్సు తప్పిపోతుందండీ!”

“ఇదిగో, వచ్చేశా.” వెంకటరత్నం పైపంచె సర్దుకుని కొట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి గుమస్తా సత్తియ్యని పిలిచి, పది గంటల బస్సుకి రాజమండ్రి వెళ్ళి సత్యలక్ష్మిని సామానుతో సహా తీసుకురమ్మని చెప్పడం లోపలికి వినపడింది. సామానుతో సహా.

మధ్యాహ్నం ప్రసన్న అన్నం కలిపి తెచ్చింది. ముద్ద చేసి నోటికందించడం, మూతి తుడవడం, అన్నీ ఎప్పటిలాగే. మాటొక్కటే లేదు.

మామూలు రోజున ఆ వేళ ప్రసన్న నోరు ఆగేది కాదు. పాలబ్బాయి నీళ్ళు కలపడం దగ్గర్నుంచి, పిల్లలకి బళ్ళో వచ్చిన మార్కుల దాకా అన్నీ ఆ మంచం దగ్గరే చెప్పుకునేది.

“మాట్లాడవేం?” అంది పరమేశ్వరమ్మ.

“మీరు మాట్లాడండి. మీకు నోరుందిగా.”

ఇంకో రెండు ముద్దలు గడిచాయి.

“ఎప్పట్నుంచి అత్తయ్యగారూ?”

“కిందటి జ్యేష్ఠం. అప్పుడు ఒకటి రెండు మాటలే. తర్వాత తర్వాత, ఎవరూ లేనప్పుడు దేవుడి నామాలు చదువుకుంటూ... పుష్యమాసానికి బాగా వచ్చింది.”

ప్రసన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. జ్యేష్ఠం అంటే తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో తను ఈ మంచం పక్కన ఏమేం చెప్పుకుందో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. కాన్పులో పోయిన పిల్ల గురించి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో భర్త అడుగుల చప్పుడంటే ఎంత భయంగా ఉండేదో చెప్పింది. వీటన్నిటికన్నా ఘోరమైంది ఇంకొకటి ఉంది. కార్తీకమాసంలో ఒకనాడు అత్తగారి పాదాలు ఒత్తుతూ, “మీకు మాట పడిపోయిందని డాక్టరుగారు చెప్పినప్పుడు, హమ్మయ్య, ఇంక ఆ గొంతు వినక్కర్లేదు అనిపించిందండి. ఒక్క క్షణమే. ఆ పాపం నన్ను వదలడంలేదు,” అని ఆ పాదాల మీదే తలపెట్టి ఏడ్చింది. అత్తగారు ఎడమచేత్తో తల నిమిరింది. ఆ నిమిరిన చేతికి అప్పటికే నోరుంది.

“అది కూడా విన్నారు,” అంది ప్రసన్న. ఏది అని చెప్పనక్కర్లేకపోయింది.

“విన్నాను.”

“ఎందుకు దాచారు?”

“మొదట ఒక కారణం ఉంది. అది నేను చెప్పకూడదు. తర్వాత నీ కోసమే దాచాను.” పరమేశ్వరమ్మ ఊపిరి తీసుకుంది. “ముప్ఫై అయిదేళ్ళు ఈ ఇంట్లో అందరూ నా నోటికి జడిశారు. మీ మావయ్యగారు సైతం నాకేదీ చెప్పేవారు కాదు. చెబితే ఏమంటానో అని. మాట పడిపోయాకే నువ్వు చెప్పడం మొదలెట్టావు. నాకూ చెప్పుకునేవాళ్ళు ఉంటారని అప్పుడే తెలిసింది. మాటొచ్చిందంటే నువ్వు మానేస్తావనిపించింది.”

“మానేసేదాన్నే.”

“అదే మరి.”

ఆ మాటలో నిజం ఉంది. అబద్ధం అనుకోవడానికి ప్రసన్న ఎంత ప్రయత్నించినా వీల్లేకపోయింది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

“వినాలనుంటే వినండి. సత్యం మాట ఎందుకు బయటపెట్టారు? అది నన్ను నమ్మి రాసింది. నేను మిమ్మల్ని నమ్మి చెప్పాను.”

“నువ్వు నా చేత అబద్ధమాడించలేదా?”

“అది సత్యం బాగుకోసం.”

“నేను చెప్పిందీ దాని బాగుకోసమే. అది నా కూతురు. దాని మనసు నాకు తెలుసు.”

“మీ మనసు నాకు తెలుసని నేనూ అనుకున్నాను,” అంది ప్రసన్న. “ఉప్పెక్కువైందో తక్కువైందో తెలిస్తే మనిషి తెలిసినట్టే అనుకున్నాను.”

మంచినీళ్ళు తాగించి, మూతి తుడిచి, కంచం తీసుకుని లేచింది. ఆ పూట తల దువ్వలేదు. ఏడాదిన్నరలో తను ఇంట్లో ఉండి దువ్వకుండా ఉన్నది ఆ ఒక్కరోజే.

మర్నాడు పదకొండు గంటలకి సత్తియ్య వెనకాల సత్యలక్ష్మి ఇంట్లో అడుగుపెట్టింది. మనిషి మారింది. నీలం పూల వాయిలు చీర, చేతికి గడియారం, ఎవరైనా చూస్తే చూపు దించని కళ్ళు. వెంకటరత్నం బేరం మీద ఉండి తల ఎత్తకుండానే, “లోపలికి పద, వస్తున్నా,” అన్నాడు.

సత్యలక్ష్మి తల్లి గదిలోకి వెళ్ళలేదు. తిన్నగా పెరట్లోకి, నూతిదగ్గర బట్టలు జాడిస్తున్న వదిన దగ్గరికి వచ్చింది.

“ఎవరితో చెప్పావు వదినా?”

“అత్తయ్యగారితో. ఒక్క అత్తయ్యగారితోనే సత్యం. ఆవిడ అన్నయ్యతో చెప్పేశారు.”

“నీకెందుకు చెప్పానా అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. పరీక్షలింక ఇరవై రోజులు. పెట్టె సర్దమంటే హాస్టల్లో అందరూ నన్నే చూశారు.”

“తప్పు నాదే,” అంది ప్రసన్న. ఆ తర్వాతే ఆవిడకి ఏదో వెలితి తోచింది. చేతిలోని తడిబట్ట గట్టు మీద పెట్టింది.

“సత్యం, మీ అమ్మగారికి మాటొచ్చిందని సత్తియ్య చెప్పాడా?”

“అతనేం చెప్పలేదు. అన్నయ్య రమ్మన్నారన్నాడు, అంతే.”

“మరి అత్తయ్యగారు అన్నయ్యతో చెప్పారంటే ఎలా చెప్పారని నువ్వు అడగలేదేం?”

సత్యలక్ష్మి నూతి గిలకవైపు చూసింది.

“నీకు తెలుసు,” అంది ప్రసన్న.

“తెలుసు వదినా.”

“ఎప్పట్నుంచి?”

“వెళ్ళే ముందు రోజు నుంచి. పెట్టె సర్దుకుంటుంటే అమ్మ మంచం మీంచి ‘వెళ్ళకే’ అంది. అదే మొదటి మాట. నేను హడలిపోయాను. సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. కాళ్ళు పట్టుకున్నాను. పరీక్షలయ్యేదాకా మాటొచ్చిందని ఎవరికీ తెలియనివ్వద్దమ్మా అని ఒట్టు వేయించుకున్నాను. నా కోసం ఒప్పుకుంది.”

“అంటే, అత్తయ్యగారు ఒప్పుకున్నారని నేను చెప్పింది అబద్ధమని...”

“అప్పుడే తెలుసు.”

“నాతో ఒక్క మాట చెప్పలేదేం? తొమ్మిది నెలలు! పదిహేను రోజులకోసారి ఉత్తరం రాశావు. దొరబాబుగారి చొక్కా రంగు కూడా రాశావు.”

“చెబితే నువ్వు భయపడిపోతావు. ఒక్క రోజు ఆగలేక అన్నయ్యకి నిజం చెప్పేస్తావు. నీ సంగతి నాకు తెలీదా వదినా?”

ఆ మాట ఎంతో ప్రేమగానే అంది. వదిన చెయ్యి కూడా పట్టుకుంది. ఆ చేతుల మధ్య ప్రసన్నకి తన చెయ్యి తనది కానట్టు అనిపించింది. ఈ ఇంట్లో అందరి మనసులూ తెలిసింది తనొక్కతికే అనుకుంటూ తిరిగింది ఇన్నాళ్ళూ. తన మనసు కూడా వాళ్ళకి తెలుసునని, తెలిసి ఎవరికి కావలసినంత వాళ్ళు వాడుకుంటున్నారని తట్టనేలేదు.

“ఇప్పుడేం చేస్తావు?” అంది మెల్లిగా.

“అన్నయ్య అడుగుతాడు. నాకేం తెలియదంటాను. వదిన చెప్పింది, అమ్మ ఒప్పుకుందనుకునే వెళ్ళానంటాను. అప్పుడైతేనే నన్ను పరీక్షలకి పంపిస్తాడు. నువ్వు కాదనకు, చాలు.”

“దొరబాబుగారి మాటో?”

సత్యలక్ష్మి తటపటాయించింది. “అలాంటిదేం లేదంటాను. ఏదో పాఠాల సంగతి రాస్తే వదిన అపార్థం చేసుకుందంటాను.”

“సత్యం!”

“అన్నయ్య నిన్నేం చెయ్యడు వదినా. రెండు రోజులు మాట్లాడడు, మూడోరోజు అన్నం పెట్టమంటాడు. నాకైతే ఆ వెనక గదే. మళ్ళీ బయటికి రానివ్వరు. నువ్వే ఆలోచించు.”

అది నిజమే. ప్రసన్న ఆలోచించనక్కర్లేకుండానే అది నిజం. సత్యం ఆ గదిలో ఎలా ఉండేదో చూసిన కళ్ళు తనవే. కానీ అడిగితే వదిన ఎలాగూ కాదనలేదు కదా అని ఆడపడుచు ముందే లెక్క వేసుకుని వచ్చిందని తెలుస్తూనే ఉంది. సాయం అడిగి ఉంటే చేసేది. ఇది అడగడం కాదు.

“ప్రసన్నా!” లోపల్నుంచి వెంకటరత్నం పిలిచాడు. “సత్యాన్ని తీసుకుని ఇలా రా.”

కొట్టు సత్తియ్యకి అప్పజెప్పి వచ్చాడు. తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పరమేశ్వరమ్మ దిండుకి ఆనుకుని ఉంది. నిన్న దువ్వని తల రేగిపోయి ఉంది.

సత్యలక్ష్మి తను చెప్తానన్నట్టే చెప్పింది. బాగా చెప్పింది. “అమ్మ వద్దంటే నేను గుమ్మం దాటేదాన్నా అన్నయ్యా? వదిన చెప్పింది కదా అనే వెళ్ళాను,” అన్నప్పుడు కన్నీళ్ళు బుగ్గల మీదికి జారాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఇరవై రోజుల్లో రాబోయే పరీక్షల కోసం నిజంగానే ఏడుస్తోంది.

వెంకటరత్నం ముఖం కొంచెం తేలికపడింది. చెల్లెలి తప్పు లేకపోతే ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది. భార్య తప్పయితే నాలుగు గోడల మధ్య సర్దుకోవచ్చు.

“విన్నావుగా ప్రసన్నా. సత్యం చెప్పింది నిజమేనా? అమ్మ వద్దందని దానికి తెలియదా?”

ప్రసన్న తల ఎత్తింది. భర్తకి ఏ జవాబు కావాలో తెలుసు. సత్యానికి ఏ జవాబు కావాలో తెలుసు. అత్తగారివైపు చూసింది.

పరమేశ్వరమ్మ చూపుడువేలు దుప్పటి మీద రెండుసార్లు తట్టింది. ఎవరూ గమనించలేదు. ప్రసన్నకి మాత్రం అచ్చక్షరాల్లా అర్థమైంది. ఊరుకో అంటోంది. ఇంటి కోసం ఊరుకో, ఇది నువ్వే మొయ్యి. మాట వచ్చిన మనిషి, అన్ని మాటలూ ఉన్న మనిషి, ఈ ఒక్కదానికి మళ్ళీ వేలు వాడుతోంది.

ప్రసన్న పైట నడుముకి దోపుకుంది.

“అత్తయ్యగారు ఏదో అంటున్నారండి.”

“ఏమంటోంది?”

“నేను చెప్పను.”

వెంకటరత్నం కుర్చీలోంచి సగం లేచాడు. “అదేంటి?”

“నేను చెబితే మీరు నమ్మరు కదండీ. అమ్మవి ఏవి, నావి ఏవి అని మళ్ళీ అడుగుతారు. ఆవిడకి నోరుంది. సత్యానికి తెలుసో తెలియదో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆవిడనే అడగండి.”

“వదినా!” అంది సత్యలక్ష్మి.

ప్రసన్న ఆమెవైపు చూడలేదు. గోడకి ఆనుకుని, మొదటిసారి ఈ ఇంట్లో ఎవరి తరఫునా కాకుండా నిలబడింది.

వెంకటరత్నం తల్లివైపు తిరిగాడు. “అమ్మా?”

పరమేశ్వరమ్మ కూతురివైపు చూసింది. సత్యలక్ష్మి కన్నీళ్ళు తుడుచుకోవడం మర్చిపోయి, ఊపిరి బిగబట్టి, కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది. పరమేశ్వరమ్మ కోడలివైపు చూసింది. రోడ్డు మీద రిక్షా గంట మోగి, దూరమైంది.

ఆవిడ పెదవులు కదిలాయి.

“రత్నం,” అంది. “ముందు ఆ వీధి తలుపు వేసి రా.”